మడత కాగితంలో కనిపించిన పేరు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 24 ఏళ్లు. మాది నర్సీపట్నం దగ్గర ఊరు. విశాఖలో మద్దిలపాలెం దగ్గర హాస్టల్‌లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాను. ఏడాదిగా దేని మీదా మనసు పోవడం లేదు. నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది. రెండు నెలల క్రితం ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. ఇచ్చారు. కొంచెం నయమే. కానీ లావైపోతానేమోనన్న భయంతో, బరువు పెరగని మందు ఇమ్మని నేనే అడిగాను. ఈసారి బుప్రోపియాన్ రాశారు. కొన్నాను కానీ ఇంకా మొదలుపెట్టలేదు, పాతదే వేసుకుంటున్నాను. ఎందుకంటే డబ్బాలో మడిచి పెట్టిన కాగితంలో బులీమియా ఉన్నవాళ్లు ఈ మందు వాడకూడదని ఉంది. ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఫోన్‌లో వెతికితే అచ్చం నా సంగతే. మూడేళ్లుగా రాత్రిళ్లు ఆపుకోలేక తినేసి, తర్వాత వాంతి చేసుకుంటున్నాను. వారంలో నాలుగైదు రోజులు ఇదే. డాక్టరుకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. ఈ మాత్ర వేసుకోవాలా? రెండింటికీ పనికొచ్చే మందు ఏదైనా ఉందా? శ్రావణంలో సంబంధాలు చూస్తామంటున్నారు. అమ్మకు చెప్పాలా? నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, ముందు మాత్ర సంగతి. బుప్రోపియాన్ వేసుకోవద్దు. ఆ డబ్బా పక్కన పెట్టు, పారేయకు, దానితో పని ఉంది. ఇప్పుడు వేసుకుంటున్న ఎస్సిటలోప్రామ్‌ను మాత్రం నీ అంతట నువ్వు ఆపేయకు. నీ డాక్టరుకు ఫోన్ చేసి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ముందే కలవాలని చెప్పు. నీ ఉత్తరం అందిన రోజే ఈ నాలుగు ముక్కలూ నీకు విడిగా పంపాను. నీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి, నువ్వు సరేనన్నాకే మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఉత్తరంలో నువ్వు రాసిన బరువు అంకెలు, రాత్రిళ్లు ఏం తినేస్తావు, ఎలా కక్కుతావు అన్న వివరాలు తీసేశాను. ఇదే బాధలో ఉన్న ఇంకో అమ్మాయి వాటిని చదివితే తనతో పోల్చుకుని మరింత కుంగిపోతుంది.

బుప్రోపియాన్ చెడ్డ మందు కాదు. డిప్రెషన్‌కు బాగానే పనిచేస్తుంది, సిగరెట్లు మానేవాళ్లకూ ఇస్తాం, బరువు పెంచదన్నదీ నిజమే. కాకపోతే అది ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. మామూలు మోతాదులో, వేరే ఏ ఇబ్బందీ లేని మనిషికి ఆ ముప్పు చాలా తక్కువ. బులీమియా ఉన్నవాళ్ల విషయం వేరు. ఈ మందు బులీమియాకే పనికొస్తుందేమో చూద్దామని ఒక పరిశోధన చేశారు, 1988లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. మందు వేసుకున్నవాళ్లు 55 మంది. తినడం, కక్కడం తగ్గాయి. కానీ అందులో నలుగురికి ఫిట్స్ వచ్చాయి. అంటే వందకు ఏడుగురికి పైగా. ఈ ఫిట్స్ గొడవ వల్లే 1986లో ఈ మందును అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుని, మోతాదు తగ్గించి, హెచ్చరికలు చేర్చి 1989లో మళ్లీ విడుదల చేశారు. నువ్వు చదివిన వాక్యం అలా వచ్చింది. పదేపదే కక్కడం వల్ల ఒంట్లో లవణాలు తారుమారైతే ఫిట్స్ ముప్పు ఇంకా పెరుగుతుంది. సన్న అక్షరాల కాగితాన్ని ఎవరూ చదవరు. నువ్వు చదివావు. ఎంత మంచి పని చేశావో నీకింకా తెలియదు.

మీ డాక్టరు తప్పు మందు రాశారని మాత్రం అనుకోవద్దు. ఆయనకు తెలిసినంతలో అది సరైన మందే. బరువు పెరగకూడదని అడిగితే చాలామంది అదే రాస్తారు. అయితే బరువు గురించి అంతగా భయపడుతున్న అమ్మాయిని తిండి గురించి నాలుగు ప్రశ్నలు అడిగి ఉండాల్సింది. అది డాక్టర్లం మేము చేయాల్సిన పని. నేనూ చేయలేదు ఒకప్పుడు. చాలా ఏళ్ల క్రితం ఒక అమ్మాయికి ఎనిమిది నెలల పాటు డిప్రెషన్‌కు వైద్యం చేశాను. మందు మార్చాను, మోతాదు పెంచాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చేది. ఒకరోజు పళ్ల డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకొచ్చింది. పై వరస ముందు పళ్లకు లోపలి వైపు ఎనామిల్ కరిగిపోయి ఉంది, తరచూ వాంతులు అవుతున్నాయేమో కనుక్కోండి అని రాశాడాయన. ఎనిమిది నెలల్లో నేను అడగని ప్రశ్న, ఆయన ఒక్కసారి నోరు తెరిపించి చూసి అడిగాడు. ఆ చీటీ చేతిలో పట్టుకుని నేను కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి కూడా తలొంచుకుని ఏడుస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచి డిప్రెషన్ అని వచ్చిన ప్రతి ఒక్కరినీ, మగపిల్లలతో సహా, తిండి గురించి అడుగుతున్నాను. నువ్వు దాచినందుకు నిన్ను తప్పు పట్టను. సిగ్గు ఈ జబ్బుతో పాటే వస్తుంది. కానీ నీకు ఏ మందు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అన్నదంతా నువ్వు చెప్పని ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది. అందుకే మళ్లీ మళ్లీ అంటున్నాను, చెప్పు.

ఈ జబ్బుకు ఆ పేరు పెట్టింది లండన్‌లోని జెరాల్డ్ రస్సెల్ అనే సైకియాట్రిస్టు, 1979లో. మనకు తెలుగులో సరైన పేరే లేదు. పేరు లేదు కాబట్టి ఇళ్లలో దీన్ని పైత్యం అంటారు, గ్యాస్ అంటారు, ఎవరి కళ్లో పడ్డాయని ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. పెళ్లయిన పిల్ల వాంతి చేసుకుంటే నీళ్లోసుకుందేమోనని సంబరపడతారు, పెళ్లికాని పిల్ల చేసుకుంటే గుసగుసలు మొదలవుతాయి. దాంతో పిల్లలు కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో పని కానిచ్చేస్తారు. వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు ఇలా జరిగి, దానితో పాటు ఒంటి ఆకారం, బరువు గురించిన బాధే మనిషి తనను తాను అంచనా వేసుకునే తూకమైపోతే, దాన్ని బులీమియా అంటాం. నువ్వు చెప్పిన దాన్ని బట్టి నీకు అదే అనిపిస్తోంది. నిర్ధారణ మాత్రం నిన్ను ఎదురుగా చూసిన డాక్టరే చేయాలి.

ఇక నీ అసలు ప్రశ్న. రెండింటికీ పనికొచ్చే మందు ఉంది. దాని పేరు ఫ్లూక్సెటిన్. డిప్రెషన్‌కు దశాబ్దాలుగా వాడుతున్న పాత మందే, ఖరీదూ తక్కువే, జనరిక్ షాపుల్లోనూ దొరుకుతుంది. బులీమియాకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన మందు ఇదొక్కటే. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డిప్రెషన్‌కు సాధారణంగా రోజుకు 20 మి.గ్రా. ఇస్తాం. బులీమియాకు అది చాలదు, 60 మి.గ్రా. కావాలి. 1992లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 387 మంది ఆడవాళ్లను మూడు గుంపులుగా చేసి ఎనిమిది వారాలు చూశారు. ఒక గుంపుకు 60 మి.గ్రా., ఇంకో గుంపుకు 20, మూడో గుంపుకు మందు లేని ఉత్త మాత్ర. అతిగా తినడం, కక్కడం బాగా తగ్గింది 60 వేసుకున్నవాళ్లలోనే.

కాబట్టి రేపు మీ డాక్టరు ఫ్లూక్సెటిన్ మొదలుపెట్టి మెల్లగా మూడు మాత్రల దాకా పెంచితే కంగారుపడకు. మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి ఇంత డోసా అని కళ్లు పెద్దవి చేయవచ్చు. హాస్టల్‌లో ఫ్రెండ్ ఫోన్‌లో చూసి డిప్రెషన్‌కు ఇరవయ్యే కదా అనవచ్చు. నీ జబ్బు మరీ ముదిరిందని కాదు ఆ మోతాదు. బులీమియాకు పనిచేసే మోతాదే అది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. బులీమియా సంగతి తెలియక డిప్రెషన్‌కని 20 మి.గ్రా. ఇచ్చి, కొన్నాళ్లకు తగ్గలేదు, ఈ మందు మీకు పడలేదు అని మార్చేసిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. నిజానికి వాళ్లకు ఆ మందు అందాల్సినంత అందనే లేదు.

ముందు డిప్రెషన్ వచ్చి దానివల్ల బులీమియానా, లేక బులీమియా వల్ల డిప్రెషనా అని నువ్వు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. కొందరిలో అలా, కొందరిలో ఇలా, చాలామందిలో రెండూ కలిసి పెనవేసుకుని ఉంటాయి. తిని, కక్కి, అర్ధరాత్రి చల్లటి గచ్చు మీద కూర్చున్న అమ్మాయికి మర్నాడు పొద్దున లోకం బాగుందనిపించదు. పగలంతా దిగులుగా గడిపిన మనిషికి రాత్రి తిండి కాస్త ఊరటలా కనిపిస్తుంది. మందు విషయంలో తెలుసుకోవాల్సింది ఏమిటంటే, డిప్రెషన్ లేని బులీమియా రోగుల్లోనూ ఫ్లూక్సెటిన్ పనిచేస్తుంది. రెండూ ఉన్నవాళ్లలోనూ పనిచేస్తుంది. అంటే అది దిగులు తగ్గించి, దాని ద్వారా మాత్రమే తిండిని సరిచేస్తోందని అనుకోవడానికి లేదు. నీ విషయంలో ఇది మంచి మాటే. ఏది ముందన్న చిక్కుముడి విప్పకుండానే వైద్యం మొదలుపెట్టవచ్చు.

ఎస్సిటలోప్రామ్ నుంచి ఫ్లూక్సెటిన్‌కు ఎలా మార్చాలన్నది డాక్టరు చూసుకుంటారు, నువ్వు రెండూ కలిపి వేసుకోకు. ఫ్లూక్సెటిన్‌ను సాధారణంగా పొద్దున ఇస్తాం, కొందరికి నిద్ర చెడగొడుతుంది కాబట్టి. నీకు పొద్దునే మంచిదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. నువ్వు కక్కేది రాత్రిళ్లు. రాత్రి మాత్ర వేసుకుంటే అది తిండితో పాటు బయటికే పోతుంది. ఎనిమిదింటికి టిఫిన్ తిని వేసుకుంటే ఒంటికి పడుతుంది. వేసుకున్న కాసేపటికే వాంతి అయితే కంగారుపడి ఇంకోటి మింగకు. ఈ మందు ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోయే రకం, రోజుల తరబడి ఉంటుంది. ఒక్కరోజు తప్పినా కొంప మునగదు. కానీ అలా తరచూ జరుగుతుంటే డాక్టరుకు చెప్పాలి, లేకపోతే మందు పనిచేయడం లేదని ఆయన పొరబడతారు.

మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పడం, తలనొప్పి, చేతులు సన్నగా వణకడం, నిద్ర పట్టకపోవడం ఉండవచ్చు. చాలామందికి అవి వాటంతట అవే సర్దుకుంటాయి. కడుపులో తిప్పుతోంది కదా అని దాన్ని వంకగా పెట్టుకుని కక్కకు. నీ వయసు వాళ్లకు ఇంకో హెచ్చరిక ఉంది. 25 ఏళ్లలోపు వాళ్లలో ఏ డిప్రెషన్ మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా, తొలి వారాల్లో కొద్దిమందికి చచ్చిపోవాలన్న ఆలోచనలు ఎక్కువ కావచ్చు. ఇది అందరికీ జరగదు. మందు మానేయాల్సిన కారణమూ కాదు. అయితే ఆ రోజుల్లో నిన్ను గమనించే మనిషి ఒకరుండాలి. విపరీతమైన అలజడి, కాలు నిలవకపోవడం, చావు ఆలోచనలు వస్తే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. అలాగే నిద్ర లేకపోయినా అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో, ఎడాపెడా ఖర్చుపెడుతూ, గడగడా మాట్లాడిన రోజులు నీకెప్పుడైనా ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా, అదీ డాక్టరుతో చెప్పు. అలాంటి హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బయితే వైద్యం వేరే దారిలో సాగాలి.

లావైపోతానేమోనని నీ భయం. దాన్ని చిన్నచూపు చూడను, ఈ జబ్బుకు ఆయువుపట్టే అది. ఫ్లూక్సెటిన్ మామూలుగా బరువును పెద్దగా పెంచే మందు కాదు, మొదట్లో కొందరికి ఆకలి కాస్త మందగిస్తుంది కూడా. ఇది చదివి, అయితే సన్నబడతానన్నమాట అని నువ్వు ఆశపడితే మాత్రం నేను చెప్పింది వృథా. బరువు తగ్గించడానికి కాదు ఇచ్చేది. రాత్రి తినేయాలన్న ఆ తోపుడు నెమ్మదిస్తుంది, అందుకు ఇస్తాం. కొందరు ఆ తేడాను నాకు ఇలా చెప్పారు: ‘అప్పుడూ అనిపిస్తుంది మేడమ్, కానీ లేచి వెళ్లకుండా కూర్చోగలుగుతున్నాను.’ కక్కడం ఆగాక మొదట్లో ఒంట్లో నీరు నిలిచి ముఖం, కాళ్లు కాస్త ఉబ్బినట్టు అనిపించవచ్చు. అది కొవ్వు కాదు, కొద్ది వారాల్లో దిగిపోతుంది. చాలామంది సరిగ్గా ఆ రోజుల్లోనే భయపడి మళ్లీ మొదలుపెడతారు, అందుకే ముందే చెబుతున్నాను.

మిగతా మందుల గురించి కొంచెం. సెర్‌ట్రాలిన్ లాంటివి కూడా కొందరికి ఇస్తాం, అయితే బులీమియా విషయంలో ఫ్లూక్సెటిన్‌కు ఉన్నంత ఆధారం వాటికి లేదు. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ లాంటి పాతవి పని చేయకపోవు. కానీ కక్కేవాళ్లకు పొటాషియం తగ్గి ఉండవచ్చు, ఆ స్థితిలో అవి గుండె లయను దెబ్బతీయవచ్చు, ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు. అమిట్రిప్టిలిన్‌ను తలనొప్పికి, నిద్రకు కూడా రాస్తుంటారు కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా నీ సంగతి చెప్పడం మరిచిపోకు. మిర్టాజపిన్ ఆకలి పెంచుతుంది, నీకు అది కొత్త తలనొప్పి. నొప్పులకు ఇచ్చే ట్రామడాల్‌ను ఫ్లూక్సెటిన్‌తో కలపకూడదు. సన్నబడే పౌడర్లు, విరేచనాల మాత్రలు ఏవైనా వాడుతుంటే, మూలికలే కదా అనుకోకుండా అన్నీ డాక్టరు ముందు పెట్టు.

కొత్త మందు రాసే ముందు నీ డాక్టరు రక్తంలో సోడియం, పొటాషియం చూపిస్తారు, ఈసీజీ తీయిస్తారు. చెప్పకపోతే నువ్వే అడుగు. ఎస్సిటలోప్రామ్ కూడా పొటాషియం తక్కువగా ఉన్నప్పుడు గుండె లయ మీద ప్రభావం చూపగలదు, అందుకే ఈ పరీక్షలు ఆలస్యం చేయొద్దు. ప్రైవేటులో కష్టమైతే కేజీహెచ్ ఉండనే ఉంది, 1923 నుంచి ఉత్తరాంధ్రకంతటికీ అదే పెద్దాసుపత్రి. కొబ్బరినీళ్లు తాగితే పొటాషియం వచ్చేస్తుందిలే అని బీచ్ రోడ్డులో రోజూ ఒక బొండాం తాగి సరిపెట్టుకున్న అమ్మాయిని నేను చూశాను. తాగవచ్చు, తప్పులేదు, కానీ పరీక్షకు బదులు కాదు అది. గుండె దడదడలాడినా, కళ్లు తిరిగి పడిపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయించు, క్యాజువాలిటీకి వెళ్లు. పళ్ల గురించి కూడా ఒక ముక్క: వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకు. ఆసిడ్ తగిలి మెత్తబడిన ఎనామిల్‌ను బ్రష్‌తో గీకేసినట్టు అవుతుంది. నీళ్లలో కాస్త వంటసోడా కలిపి పుక్కిలించు.

ఇక్కడిదాకా మందు గురించే రాశాను, నువ్వు అడిగింది అదే కాబట్టి. కానీ మందు ఒక్కదానితో ఈ జబ్బును వదిలించుకున్నవాళ్లు తక్కువ. బ్రిటన్‌లో 2017లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలైతే తిండి జబ్బులకు మందును ఒక్కదాన్నే వైద్యంగా ఇవ్వవద్దని రాశాయి. బులీమియాకు అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది సీబీటీ అనే మాటల వైద్యానికి. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ దాన్ని ఈ జబ్బు కోసం తీర్చిదిద్దారు. సుమారు 20 వారాల్లో 20 సిట్టింగులు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కూర్చుని చేయాలి. అందులో మొట్టమొదటి పని నువ్వు ఇవాళే మొదలుపెట్టగలిగింది: వేళకు తినడం. రోజుకు మూడు పూటలు, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, ఎప్పుడూ నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకపోవడం.

ఇది చెప్పగానే పిల్లలు నా వంక అనుమానంగా చూస్తారు. ఎక్కువ తినడమే నా జబ్బయితే ఇంకా తినమంటారేంటి అని. నీ ఉత్తరంలోనే జవాబుంది. నువ్వు విడిగా రాసిన వివరాల్లో పొద్దున టీ, మధ్యాహ్నం సగం భోజనం, శనివారం ఒక్కపొద్దు, సోమవారం ఉపవాసం అని ఉంది. పగలంతా కడుపు మాడ్చుకున్న ఒళ్లు రాత్రి తొమ్మిదింటికి ఆగమంటే ఆగదు. అది నీ బుద్ధి బలహీనత కాదు, ఆకలి. హాస్టల్ ఇడ్లీ నాలుగుంటే నాలుగూ తిను. పదకొండింటికి అరటిపండో, గ్లాసు మజ్జిగో. మధ్యాహ్నం పూర్తి భోజనం, సాయంత్రం స్నేహితురాళ్లతో ఆర్కే బీచ్‌కు వెళ్తే మురీ మిక్చర్ వాళ్లతో కలిసి నిలబడి తిను, ఒక్కదానివే రూమ్‌కు పొట్లం తెచ్చుకోకు. రాత్రి భోజనం ఎనిమిదిన్నర లోపు. గత రాత్రి ఎంత తిన్నా, కక్కినా, పొద్దున టిఫిన్ మాత్రం మానకూడదు. అన్నిటికన్నా కష్టమైనది అదే, నాకు తెలుసు. ఉపవాసాల సంగతి నేను భక్తిని తక్కువ చేసి చెప్పడం లేదు. నేనూ కార్తీక సోమవారాలు చేసేదాన్నే. కానీ ఒంట్లో బాగాలేనప్పుడు ఉపవాసం ఉండమని మన పెద్దవాళ్లు ఎవరూ చెప్పలేదు. సింహాద్రి అప్పన్నకు ఓ దండం పెట్టి, నాకు నయమయ్యాక చేస్తానని చెప్పుకో.

డిప్రెషన్ మందుకు పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కక్కడంలో తగ్గుదల అంతకన్నా ముందే కనిపించవచ్చు. మూడు నాలుగు వారాలైనా ఏ మార్పూ లేకపోతే నీ మీద నువ్వు ఆశ వదులుకోకు, డాక్టరుతో మాట్లాడు, చేయాల్సినవి ఇంకా ఉంటాయి. నయమయ్యాక కూడా వెంటనే మానకూడదు. ఫ్లూక్సెటిన్‌తో బాగుపడినవాళ్లను 52 వారాల పాటు గమనించిన అధ్యయనంలో, మందు కొనసాగించినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం తక్కువగా ఉంది. అయితే మధ్యలో మానేసిపోయినవాళ్లూ చాలామందే. నేను కనీసం ఏడాది వాడమంటాను. ఇది అలవాటు పడిపోయే మత్తుమందు కాదు, మానేటప్పుడు మాత్రం డాక్టరు చెప్పినట్టు మెల్లగా మానాలి.

నీ డాక్టరు దగ్గర ఈ మాట చెప్పడానికి ఎంతకీ నోరు రాకపోతే వేరే చోట మొదలుపెట్టవచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధంగా నడుస్తుంది, నీ హాస్టల్ నుంచి దగ్గరే. ఆ ఆసుపత్రి పేరు చెప్పి వెక్కిరించుకునే అలవాటు మన ఊళ్లో ఉంది. ఆ వెక్కిరింపులకు భయపడి ఎంతమంది వైద్యానికి దూరమయ్యారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయేవాళ్లే అక్కడ ఎక్కువ. రాత్రి పదకొండింటికి రూమ్‌లో ఒక్కదానివే ఉండి తోచకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

అమ్మ సంగతి. నీకు 24 ఏళ్లు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత, సాధారణంగా నువ్వు ఒప్పుకోకుండా ఇంట్లో చెప్పరు. కాబట్టి అమ్మకు తెలిసిపోతుందేమోనని వైద్యం ఆపకు. కానీ ఒక్కరికైనా చెప్పు అంటాను. ముందు హాస్టల్‌లో నీకు బాగా దగ్గరైన అమ్మాయికి. రాత్రి భోజనం అయ్యాక గంటసేపు నీతో కూర్చుంటే చాలు, ఆ గంట గడవడమే కష్టం. అమ్మకు చెప్పాలనుకున్నప్పుడు పండక్కి ఇంటికెళ్లి నలుగురి మధ్యలో కాదు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. మాటలు వెతుక్కోకుండా ఇవే వాడుకో: ‘అమ్మా, నాకు ఒంట్లో బాగాలేదు. తిండికి సంబంధించిన జబ్బు. రాత్రిళ్లు ఎక్కువ తినేసి కక్కుకుంటున్నాను, కావాలని చేస్తున్నది కాదు. డాక్టరుకు చూపించుకుంటున్నాను, తగ్గుతుందన్నారు. నువ్వు నా కంచం వంక చూడకు, లావయ్యానని గానీ చిక్కానని గానీ అనకు. ఏడాది పాటు సంబంధాల మాట ఎత్తకు.’ శ్రావణం ఈ ఏడాదితో అయిపోదు. పెళ్లిచూపుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు నీ ఒంటిని తేరిపార చూసే పరిస్థితి ఇప్పుడు నీకు వద్దే వద్దు. తర్వాత పెళ్లి చేసుకోవడానికి ఈ మందు అడ్డం కాదు. పిల్లల కోసం అనుకున్నప్పుడు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి, అంతే.

ఈ పేజీ చదువుతున్న అమ్మలు, పిన్నులు, మేనత్తలు కూడా వినాలి. పెళ్లీడు పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే ‘ఏమే, ఒళ్లు చేశావే’ అని పలకరించడం మనకు ప్రేమే కావచ్చు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది తమ జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పమంటే అలాంటి ఒక వాక్యాన్ని, అది అన్న మనిషిని, ఆ రోజు తాము వేసుకున్న బట్టలతో సహా గుర్తు చేసుకుని చెబుతారు.

డాక్టరుకు ఎదురుగా నోరు పెగలదని నువ్వు చివర్లో రాశావు. పెగలక్కర్లేదు. ఒక తెల్లకాగితం తీసుకుని ఇలా రాయి: ‘సార్, పోయిన రెండుసార్లూ మీకు ఒక మాట చెప్పలేదు. మూడేళ్లుగా రాత్రిళ్లు ఆపుకోలేక తిని వాంతి చేసుకుంటున్నాను, వారంలో నాలుగైదు రోజులు. మీరు రాసిన బుప్రోపియాన్ ఇంకా మొదలుపెట్టలేదు. ఎస్సిటలోప్రామ్ వాడుతున్నాను. పొటాషియం, ఈసీజీ చూపించుకోవాలా? ఫ్లూక్సెటిన్ నాకు సరిపోతుందా? సైకాలజిస్టు దగ్గరికి పంపుతారా?’ ఆ కాగితాన్ని మడిచి, ఆ మందు డబ్బాలోనే, నువ్వు చదివిన కాగితం పక్కన పెట్టు. లోపలికి వెళ్లగానే డబ్బా ఆయన బల్ల మీద పెట్టి కూర్చో. ఆయన చదివేదాకా నువ్వేమీ మాట్లాడక్కర్లేదు.